చిత్తమన్న చిలక

అనగనగా, మన తాతలకు తాతలు కూడా పుట్టని కాలంలో, గంధశైలమని ఒక రాజ్యం ఉండేది. దాన్ని ఏలే రాజు పేరు ధవళకేతు. ఆయన మంచివాడు, మాట తప్పనివాడు. కానీ సముద్రం పేరెత్తితే మాత్రం ఆయన ముఖం నల్లబడిపోయేది. ఎందుకంటారా? ఆయన చిన్నతనంలోనే ఆయన తండ్రి సముద్రం మీదికి షికారు వెళ్ళి మళ్ళీ రాలేదు. అందుకని పట్టం కట్టుకున్ననాడే కోటకు సముద్రం వైపు ఉన్న కిటికీలన్నీ ఇటుకలతో మూయించేశాడు. రాజవంశంలో పుట్టినవాడెవడూ ఉప్పునీళ్ళలో కాలు పెట్టరాదని శాసనం చేశాడు.

ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రణకేసరి, కత్తి పడితే కొండలైనా పక్కకు తప్పుకోవాల్సిందే. రెండోవాడు నీతికేతుడు, నోరు విప్పితే శత్రువులు కూడా తలలూపేవాళ్ళు. మూడోవాడు మకరందుడు. వాడికి కత్తీ అంతంతమాత్రమే, మాటా అంతంతమాత్రమే. తండ్రి ఏమి చెప్పినా "చిత్తం నాన్నగారూ" అని తల వంచుకునేవాడు.

"నువ్వు ధర్మాసనం మీద కూర్చుని తగవులు తీర్చాలిరా" అంటే చిత్తం.

"పొద్దస్తమానం ఆ ఏటి ఒడ్డుకు పోకు" అంటే చిత్తం.

అనడం చిత్తమే అనేవాడు కానీ, వాడి మనసంతా ఏటి ఒడ్డునే ఉండేది. అక్కడ వీరన్న అని ఒక ముసలి సరంగు పడవలు కట్టేవాడు. పలకకు పలక ఎలా అతకాలో, కొబ్బరి పీచుతో ఎలా కుట్టాలో, కుట్లలోంచి నీరు ఊరకుండా గుగ్గిలం, నూనె కాచి ఎలా పూయాలో చూసి చూసి మకరందుడు నేర్చుకున్నాడు. అరచేతులకు గుగ్గిలం మసి అంటుకుంటే, కోటలోకి వెళ్ళే ముందు ఇసుకతో రుద్ది రుద్ది కడుక్కునేవాడు.

ఇలా ఉండగా గంధశైలానికి కరువొచ్చింది. ఒక ఏడు వానల్లేవు. రెండో ఏడూ లేవు. మూడో ఏడు బావుల అడుగున బురద కూడా ఎండిపోయింది. రాజగురువు అంజనం వేసి చూసి, "మహారాజా! ఏడు సముద్రాల అవతల స్ఫటికదీవి ఉంది. అక్కడ కరాళదంతుడనే మాయావి మన మబ్బులన్నిటినీ పట్టి తన కోట బురుజులకు కట్టేసుకున్నాడు. వాటిని విడిపిస్తే తప్ప ఇక్కడ చినుకు పడదు" అన్నాడు.

"నేను వెళతాను" అన్నాడు రణకేసరి. రాజగురువు అతనికి గాలిలో ఎగిరే గుర్రాన్ని ఇచ్చాడు. వెళ్ళినవాడు వెళ్ళినట్టే, తిరిగి రాలేదు.

"నేను వెళతాను" అన్నాడు నీతికేతుడు. రాజగురువు అతనికి గాలిలో ఎగిరే మంచాన్ని ఇచ్చాడు. అతనూ తిరిగి రాలేదు.

ధవళకేతు మంచం పట్టాడు. ఒకరోజు మూడోవాణ్ణి పిలిచి చెయ్యి పట్టుకున్నాడు. "నాయనా, ఇక నాకు మిగిలినవాడివి నువ్వొక్కడివే. వచ్చే పున్నమికి నీకు పట్టం కడతాను. నువ్వు ఈ గడప దాటకు."

"చిత్తం" అందామని మకరందుడు నోరు తెరిచాడు. ఎందుకో ఆ మాట గొంతులోనే ఆగిపోయింది. తల ఊపి బయటికి వచ్చేశాడు. తిన్నగా తల్లి విమలాదేవి దగ్గరికి వెళ్ళాడు.

"అమ్మా, నేను పడవ కట్టుకుని స్ఫటికదీవికి వెళ్ళాలనుకుంటున్నాను. వెళ్ళాలనీ ఉంది, భయంగానూ ఉంది."

"రెండూ నిజమేనా?"

"రెండూ నిజమే."

రాణి వాణ్ణి దగ్గరికి తీసుకుంది. తర్వాత కొడుకు తల నిమిరి, "అయితే వెళ్ళు. కానీ దొంగలా గోడ దూకి వెళ్ళకు. మీ నాన్నగారి ముఖం చూసి చెప్పి వెళ్ళు" అంది.

మకరందుడికి ఏడు సముద్రాలూ దాటడం కంటే ఆ గది గడప దాటడమే కష్టమైపోయింది. కాళ్ళు వణుకుతుంటే తండ్రి ముందు నిలబడ్డాడు. "నాన్నగారూ, నాకు ఎగిరే గుర్రం వద్దు. ఎగిరే మంచమూ వద్దు. నేను కట్టిన పడవ మీద సముద్రం దాటి అన్నయ్యలనూ మబ్బులనూ తీసుకొస్తాను. సెలవివ్వండి."

రాజు లేచి కూర్చున్నాడు. కళ్ళలో నీళ్ళు, నోట్లో నిప్పులు. "సముద్రం నా తండ్రిని మింగింది. నువ్వు దాన్లో దిగావంటే నువ్వు నాకు కొడుకువి కావు. ధవళకేతు కొడుకునని ఎక్కడా చెప్పుకోకు!"

మకరందుడు తండ్రి పాదాలకు మొక్కాడు. కళ్ళు తుడుచుకున్నాడు. ఏటి ఒడ్డుకు నడిచాడు. వీరన్న పలకలు చెక్కి ఇచ్చాడు. పడవ మాత్రం మొదటి కుట్టు నుంచి చివరి కుట్టు వరకూ మకరందుడే కట్టాడు.

బయల్దేరే రోజున ఒడ్డున ఒక తాబేలు వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటోంది. ఎండకు దాని కడుపు మాడిపోతోంది. మకరందుడు దాన్ని తిరగేసి, నీళ్ళ దాకా మోసుకెళ్ళి వదిలాడు.

"బాబూ, నీ మేలు మరిచిపోను. నీ పడవ అడుగునే వస్తాను. పనిబడితే పడవ మీద మూడుసార్లు తట్టు" అంది తాబేలు.

పడవ సాగింది. మొదటిది ఉప్పు సముద్రం. అలలు తాడిచెట్టంత ఎత్తున లేచాయి. మకరందుడు గుండె చిక్కబట్టుకుని తెడ్డు వేశాడు. రెండోది చెరకురసం సముద్రం. చేతులు, తెడ్డు, తెరచాప అన్నీ జిగురు, ఎటు చూసినా ఈగలు. మూడోది కల్లు సముద్రం. అక్కడ గాలి కూడా తూలుతూ వీచింది. కాసేపు తూర్పుకు, కాసేపు పడమరకు. నాలుగోది నేతి సముద్రం. ఘుమఘుమలాడే ఆ నేతిలో రెక్కలు తడిసి, ఎగరలేక మునగలేక ఒక హంస తేలుతోంది. మకరందుడు దాన్ని పడవలోకి ఎత్తుకుని, పడవలో వంటకు పెట్టుకున్న పొయ్యిలోని బూడిదతో ఈకకు ఈక తుడిచి జిడ్డు వదలగొట్టాడు.

"రాజకుమారా, నీ మేలు మరిచిపోను" అని హంస పడవ ముక్కు మీద కూర్చుంది.

ఐదోది పెరుగు సముద్రం. తెడ్డు వేస్తే దిగబడిపోయేది, లాగితే వచ్చేది కాదు. ఎలాగో దాటారు. ఆరోది పాల సముద్రం. కింద తెలుపు, పైన తెలుపు, చుట్టూ తెలుపు. ఏది సముద్రమో, ఏది ఆకాశమో తెలియలేదు. మకరందుడు తెడ్డు ఒళ్ళో పెట్టుకుని, "ఇక నావల్ల కాదు, అనవసరంగా బయల్దేరాను" అని ఏడ్చాడు.

"నువ్వు ఏడుస్తూ ఉండు, తప్పులేదు. తెడ్డు మాత్రం వేస్తూ ఉండు" అంది హంస. "పాలనూ నీళ్ళనూ విడదీసి చూడడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య. నీళ్ళెటున్నాయో నేను చెబుతాను." అలా హంస ముందు ఎగురుతుంటే, దాని వెనకే ఏడోదైన మంచినీళ్ళ సముద్రంలోకి చేరాడు. ఆ సముద్రం కొసన తళతళా మెరుస్తూ స్ఫటికదీవి కనిపించింది.

దీవిలో కోట, కోటకు బురుజులు, బురుజులకు గొలుసులతో కట్టేసిన నల్లని మబ్బులు. అవి కట్టుకొయ్యకు కట్టిన గేదెల్లా మూలుగుతున్నాయి. కోట ముంగిట నిండా రాతి మనుషులు. వాళ్ళలో రణకేసరి ఉన్నాడు, నీతికేతుడూ ఉన్నాడు. మకరందుడు రాయైన అన్నల చేతులు పట్టుకుని నిలబడ్డాడు.

"ఎవడ్రా అది?" అంటూ కరాళదంతుడు వచ్చాడు. వాడి పళ్ళు రంపంలా ఉన్నాయి, గడ్డం మోకాళ్ళదాకా ఉంది. "గాలిలో వచ్చినవాళ్ళను చూశాను గానీ, నీళ్ళ మీద వచ్చినవాణ్ణి నిన్నే చూడడం. నా దీవికి వచ్చినవాడు మూడు పనులు చెయ్యాలి. ఒక్కటి తప్పినా రాయైపోతాడు. మొదటిది, ఇదిగో వెదురుబుట్ట. దీంతో నీళ్ళు తెచ్చి ఈ తొట్టి నింపు."

రణకేసరి ఈ పని దగ్గరే ఓడిపోయాడు. ఎంత వేగంగా పరిగెత్తినా నీళ్ళు దారిలోనే కారిపోయాయి. మకరందుడు బుట్టను తిప్పి తిప్పి చూసి నవ్వుకున్నాడు. పడవలో మిగిలిన గుగ్గిలం కాచి బుట్టకు లోపలా బయటా పూశాడు. బయటి నీరు లోపలికి రాకుండా ఆపే పూత, లోపలి నీటిని బయటికి పోకుండా ఆపలేదా! మధ్యాహ్నానికల్లా తొట్టి నిండి పొర్లింది.

"సరే, రెండోది" అని మాయావి తన వేలి ఉంగరం తీసి సముద్రంలోకి విసిరాడు. "పొద్దుగూకే లోపల అది తెచ్చి ఇయ్యి."

నీతికేతుడు బుట్టలో అరటాకులు పరిచి మొదటి పని గట్టెక్కించాడు కానీ, ఈ రెండో పని దగ్గర ఓడిపోయాడు. మకరందుడు పడవ మీద మూడుసార్లు తట్టాడు. తాబేలు తల ఎత్తింది, సంగతి విన్నది, బుడుంగున మునిగింది. సూర్యుడు నీళ్ళను తాకే వేళకు నోట ఉంగరంతో తేలింది.

కరాళదంతుడు పళ్ళు పటపట కొరికాడు. "మూడోది వినరా! తండ్రి పేరు చెప్పకూడదు. వంశం చెప్పకూడదు. ఊరు, బిరుదు చెప్పకూడదు. అవేవీ చెప్పకుండా నువ్వెవడివో చెప్పు!"

పిల్లలూ, ఇది వినడానికి తేలిక. కానీ రాజుల ఇళ్ళలో పుట్టినవాళ్ళకు ఆ నాలుగూ తీసేస్తే నోట మాట రాదు.  ధవళకేతు కొడుకునని చెప్పుకోవద్దని తండ్రి అన్న మాట మకరందుడి గుండెలో ముల్లులా కదిలింది. తల దించుకుంటే తన చేతులు కనిపించాయి. గుగ్గిలం మసి అంటిన చేతులు, తెడ్డు పట్టి కాయలు కాసిన చేతులు. వాటిని మాయావి ముందు చాచాడు.

"నేను పడవలు కట్టేవాణ్ణి" అన్నాడు.

ఆ మాట అన్నాక వాడికే ఆశ్చర్యమేసింది. అంతవరకూ ఆ సంగతి ఎవరితోనూ, తనతో తాను కూడా, పైకి అనుకోలేదు మరి.

మాయావి కాసేపు ఎదురుచూశాడు. మకరందుడు రాయి కాలేదు. "సరే, గెలిచావు. నిన్ను రాయిని చెయ్యను, నీ దారిన నువ్వు పో" అన్నాడు.

"మరి మా అన్నయ్యలు? మబ్బులు?"

"వాళ్ళనూ వాటినీ విడుస్తానని నేను ఎప్పుడన్నానురా?" అని కరాళదంతుడు పగలబడి నవ్వి లోపలికి పోయాడు.

మకరందుడు పడవ దగ్గరికి వెళ్ళలేదు. కోట గోడ వెంబడి నడిచి ఒక పెరట్లోకి వచ్చాడు. అక్కడ జామచెట్టు కింద ఒక అమ్మాయి బంగారు పంజరంలోని చిలకకు జామపండు ముక్కలు పెడుతోంది. ఆమె పేరు కువలయ, ఆ దీవిని ఏలిన రాజు కూతురు. కరాళదంతుడు ఆమె తండ్రిని రాయిని చేసి, చిలకను మేపే పనికి ఆమెను పెట్టుకున్నాడు.

మకరందుడు తన కథంతా చెప్పాడు. కువలయ అటూ ఇటూ చూసి మెల్లగా అంది. "వాడి ప్రాణం ఈ చిలకలోనే ఉంది."

"అయితే..." అని మకరందుడు పంజరం వైపు చూశాడు.

"మెడ విరవాలనుకోకు. దాన్ని చంపబోతే ఈ దీవి మొత్తం మండిపోయేలా మంత్రం కట్టాడు. అయినా దీన్ని పిల్లగా ఉన్నప్పటి నుంచి పెంచాను, నిన్ను విరవనిస్తానా? సంగతేమిటంటే, ఈ చిలకకు వాడు నేర్పినవి మూడే మూడు మాటలు. 'చిత్తం', 'తమ మాటే నా మాట', 'పంజరమే నా ఇల్లు'. ఇది వాడి మాటలే పలుకుతున్నంత కాలం వాడి ప్రాణం దీనిలో పదిలం. తన సొంత మాట ఒక్కటి అన్నదా, ఆ ప్రాణానికి చోటుండదు. నేను ఎన్నో మాటలు నేర్పి చూశాను. పలుకుతుంది, కానీ అవి నా మాటలే కదా! ఫలితం లేకపోయింది."

"చిత్తం" అంది చిలక.

ఆ మాట వినగానే మకరందుడి ఒళ్ళు ఝల్లుమంది. పంజరం ముందు చతికిలబడ్డాడు. చూస్తే పంజరానికి తలుపు తీసే ఉంది!

"అది ఎప్పుడూ అంతే. తలుపు వేయాల్సిన అవసరమే రాలేదు" అంది కువలయ.

మకరందుడు చిలకకు ఏ మాటా నేర్పలేదు. దాని పక్కన కూర్చుని కబుర్లు చెప్పాడు. "నేనూ నీలాగే చిత్తం, చిత్తం అంటూ పెరిగాను. మా నాన్నగారంటే నాకు ప్రాణం. ఆయన మాట కాదంటే ఆయన ప్రేమ పోతుందేమోనని భయం. సముద్రమంటే ఇంకో భయం. భయం పోయాక బయల్దేరదామనుకుంటే ఇవాళ్టికీ మా ఊళ్ళోనే ఉండేవాణ్ణి. అందుకని దాన్ని కూడా పడవలో ఎక్కించుకునే వచ్చాను. సరేగానీ, నీకేం ఇష్టం?"

చిలక తల ఓరగా పెట్టి చూసింది. పుట్టి బుద్ధెరిగాక ఆ ప్రశ్న దాన్ని అడిగినవాళ్ళు లేరు. "తమ మాటే నా మాట" అంది.

"తొందరేం లేదు" అన్నాడు మకరందుడు.

మర్నాడూ వచ్చి కూర్చున్నాడు. ఆ మర్నాడూ వచ్చాడు. పడవ గురించి, హంస గురించి, పెరుగు సముద్రంలో తెడ్డు దిగబడిన సంగతి గురించి చెప్పి, చివర్లో "నీకేం ఇష్టం?" అని అడిగేవాడు. చిలక ముక్కు తెరిచేది, మూసేది. కువలయ కూడా పని మాని వినేది.

ఇంతలో తన ప్రాణానికి ఏదో చక్కిలిగిలి పెట్టినట్టయి, కరాళదంతుడు గడ్డం ఎగరేసుకుంటూ పరుగున వచ్చాడు. "ఎవడ్రా నా చిలకతో మాట్లాడేది! చిలకా, చిత్తమను!"

చిలక వణికింది. రెక్కలు ముడుచుకుంది. "చి..." అంది. ఆగింది.

"అనవే! అన్నావంటే జామపండు పెడతాను!"

చిలక జామపండు వైపు చూసింది. మాయావి వైపు చూసింది. తెరిచి ఉన్న తలుపు వైపు చూసింది. గొంతు సవరించుకుని, "నాకు... జామపండు... వద్దు" అంది.

అంతే! కరాళదంతుడి రంపపు పళ్ళు జలజలా రాలాయి.

"రోజూ జామపండేనా! నాకు రేగుపండు కావాలి!" అని గట్టిగా అరిచి, చిలక పంజరంలోంచి ఎగిరి రేగుచెట్టు మీద వాలింది. మాయావి గాలి తీసిన తిత్తిలా ముడుచుకుపోయి, గుప్పెడు బూడిదై గాలికి కొట్టుకుపోయాడు. గొలుసులు తెగాయి. మబ్బులు గర్జించాయి. రాతి మనుషులంతా ఒళ్ళు విరుచుకుంటూ లేచారు.

రణకేసరి తమ్ముణ్ణి గుండెలకు హత్తుకున్నాడు. కువలయ తండ్రి కూతుర్ని పట్టుకుని ఏడ్చాడు. అన్నలతోపాటు రాళ్ళై పడి ఉన్న గుర్రం, మంచం మహిమ పోయి మామూలు గుర్రం, మామూలు మంచం అయిపోయాయి. అందుకని అన్నలిద్దరూ తమ్ముడి చేతికింద చేరారు. పెద్దవాడు దుంగలు మోశాడు. రెండోవాడు పీచు పేనుతూ, "ఒరే మకరందా, ఈ ముడి సరిగ్గా పడిందా?" అని అడిగేవాడు. పెద్ద పడవ తయారైంది.

బయల్దేరే ముందు మకరందుడు కువలయతో, "నన్ను పెళ్ళి చేసుకుంటావా?" అని అడిగి ఎర్రబడిపోయాడు.

"చేసుకుంటాను. కానీ నిన్ను పడవలో పంపి, నేను ఒడ్డున దీపం పట్టుకుని కూర్చోను. నాకూ తెడ్డు వెయ్యడం నేర్పు."

"పెరుగు సముద్రంలో చేతులు నొప్పెడతాయి మరి."

"నీకు పెట్టలేదా?" అంది కువలయ.

పడవ ముందు, మబ్బులు వెనక. ఏడు సముద్రాలూ దాటి వచ్చేసరికి గంధశైలం ఒడ్డున ఒక్క మనిషి నిలబడి ఉన్నాడు. నడుములోతు ఉప్పునీళ్ళలో నిలబడి ఉన్నాడు. అది ధవళకేతు మహారాజు! కొడుకు వెళ్ళిన నాటి నుంచి ఆయన రోజూ అక్కడికే వస్తున్నాడట.

"నా కొడుకువి కావన్నాను. ఆ మాట అన్నప్పటి నుంచి నాకు ముద్ద దిగలేదురా" అని మకరందుణ్ణి కావలించుకున్నాడు. అప్పుడే మొదటి చినుకు పడింది. తండ్రీ కొడుకులు తడుస్తూ అలాగే నిలబడ్డారు.

వాన వెలిశాక సభ తీర్చి రాజు కిరీటం తెప్పించాడు. "మబ్బులను తెచ్చినవాడే రాజ్యానికి రాజు" అన్నాడు. రణకేసరి కూడా "అవును, తమ్ముడికే ఇవ్వండి" అన్నాడు.

మకరందుడు కిరీటాన్ని కళ్ళకద్దుకుని పెద్దన్న చేతిలో పెట్టాడు. "నాన్నగారూ, మీ మాట కాదంటున్నందుకు మన్నించండి. రాజ్యం ఏలడం అన్నయ్యకు ఇష్టం, చేతనవును. నాకు ఆ ఇసుక తీరం ఇవ్వండి చాలు."

"అక్కడ గడ్డి కూడా మొలవదు కదరా!"

"పడవలు మొలుస్తాయి."

రాజు పకపకా నవ్వాడు. ఆయన నవ్వగా చూసి ఎన్నాళ్ళయిందో! కువలయకూ మకరందుడికీ ఆ ఇసుకలోనే పందిరి వేసి పెళ్ళి చేశారు. హంస, తాబేలు, రేగుపండ్ల చిలక కూడా వచ్చాయి. ఆ తీరంలో రేవు లేచింది, రేవు చుట్టూ పట్నం లేచింది. దానికి మకరందుడే రాజు, కువలయే రాణి. ఇద్దరూ ఏడాదిలో సగం రోజులు సింహాసనం మీద, సగం రోజులు సముద్రం మీద ఉండి చల్లగా చాలాకాలం ఏలారు.

వాళ్ళకొక కొడుకు పుట్టాడు. వాడు పెద్దవాడై ఒకరోజు తండ్రి ముందు తల వంచుకుని, కాళ్ళు వణుకుతుంటే నిలబడ్డాడు. "నాన్నగారూ, నాకు పడవలంటే ఇష్టం లేదు. సముద్రం చూస్తే కడుపులో తిప్పుతుంది. కొండల మీదికి వెళ్ళి ఆవులను మేపుకుంటాను."

మకరందుడికి గుండె కలుక్కుమంది. వాడి కోసమే కట్టిన కొత్త పడవ ఇంకా రేవులోనే ఉంది. కాసేపు దాని వైపు చూశాడు. కాసేపు కొడుకు వైపు చూశాడు. తర్వాత లేచి లోపలికి వెళ్ళి, ఒక ఉన్ని కంబళి తెచ్చి వాడి భుజాల మీద కప్పాడు.

"కొండల మీద చలి ఎక్కువరా" అన్నాడు.

కథ ఒడ్డుకు చేరింది, తెడ్లు దించి అన్నాలకు లేవండి.